చలి దేశాల్లో ఇంటి ముందర తారు డ్రైవ్‌వే: మన కర్నూలు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు బీటీ రోడ్ల పనుల్లో శానా ఏండ్లు ఉన్నాను. ఇప్పుడు మా బంధువుల పిల్లలు చికాగో, మిన్నియాపోలిస్, టొరంటో వైపు ఇండ్లు కొనుక్కుంటున్నారు, కొన్న రెండు మూడేండ్లకు ఫోన్ చేసి ఇంటి ముందర డ్రైవ్‌వే (వీధి నుంచి గ్యారేజీ దాకా కారు పోయే దారి) పగిలిపోయింది, కొత్తది వేయించాల, కాంట్రాక్టర్‌ను ఏం అడగాలో చెప్పమంటారు. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. కొలతలూ గ్రేడులూ ఆ దేశాల్లో వాడేవే ఇచ్చినాను, పని మాత్రం మన మాటల్లో చెప్పినాను.

పోసి నాలుగేండ్లు కాలేదు, అప్పుడే పగిలింది. తారు నాసిరకం పోసినారా?

అయ్యుండొచ్చు, కానీ నేను ముందు అనుమానించేది తారును కాదు, దాని కింద ఉండే నీళ్ళను. నీళ్ళు గడ్డ కడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి అని స్కూల్లో చదివిందే, అయితే డ్రైవ్‌వేని పైకి లేపేది ఆ 9 శాతం ఒక్కటే కాదు, అసలు కథ వేరే ఉంది. చలికాలంలో నేల పైనుంచి కిందికి గడ్డ కట్టుకుంటా పోతాది, ఆ గడ్డ కట్టే చోటికి అడుగునున్న తడి మట్టిలోంచి నీళ్ళు దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు పైకి ఎక్కుతా ఉంటాయి, ఎక్కినవి ఎక్కినట్టే గడ్డ కట్టి మట్టిలో పొరలు పొరలుగా మంచు పలకలు తయారయితాయి. ఆ పలకలు పెరిగేకొద్దీ పైనున్న మట్టి, కంకర, తారు మొత్తం లేస్తాది, అది కూడా అంతటా సమానంగా లేవదు, ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ, అందుకే పగులు.

ఇది జరగాలంటే మూడూ ఉండాల: గడ్డ కట్టేంత చలి, కింద నీళ్ళు, నీళ్ళు పీల్చే మట్టి. చలిని మనం ఆపలేం. మిగతా రెండూ మన చేతిలో ఉన్నాయి, డ్రైవ్‌వే పని అంటే సగానికి పైగా ఆ రెండింటి పనే.

ఇంకో సంగతి శానా మందికి తెలీదు. జనవరి కంటే మార్చి, ఏప్రిల్ నెలలు ప్రమాదం. మంచు కరిగేది పైనుంచి కరుగుతాది, అడుగున ఇంకా గడ్డ కట్టే ఉంటాది, కరిగిన నీళ్ళు కిందికి దిగే దారి లేక కంకరలోనే నిలబడిపోతాయి, అప్పుడు బేస్, అంటే తారు కింది కంకర పొర, మెత్తబడి బురద మాదిరి ఉంటాది. మిన్నెసోటాలో (మిన్నియాపోలిస్ ఉన్న రాష్ట్రం) ఆ కాలంలో కొన్ని రోడ్ల మీద లారీల లోడు కూడా తగ్గిస్తారు, కారణం ఇదే. మీ ఇంటికాడ ఆ వారాల్లో సామాన్ల లారీ, కాంక్రీట్ బండి, చెత్త డబ్బా దించే పెద్ద ట్రక్కు డ్రైవ్‌వే ఎక్కకుండా చూసుకోండి, వీధిలోనే ఆపమనండి.

మా ఇంటి కింద ఏ మట్టి ఉందో ఎట్ల తెలుసుకునేది?

ఒక మూల అడుగున్నర గుంత తీసి చూడండి, కానీ తవ్వే ముందు అమెరికాలో అయితే 811కి ఫోన్ చెయ్యండి, గ్యాస్ పైపు, కరెంట్ కేబుల్ యాడ ఉన్నాయో వాళ్ళు వచ్చి గుర్తులు పెట్టిపోతారు, అది ఉచితం. తీసిన మట్టి తడిపి పిసికి చూస్తే ఇసుక గరగరమని ఉంటే మీ అదృష్టం, నీళ్ళు దిగిపోతాయి. బంకగా ఉండి వేళ్ళ మధ్య రిబ్బన్ మాదిరి సాగితే క్లే. ఈ రెండూ కాక పిండి మాదిరి నున్నగా ఉండి ఆరితే దుమ్ము లేస్తే అది సిల్ట్, చలి దేశాల్లో అన్నిటికంటే చెడ్డది సిల్టే, ఎందుకంటే నీళ్ళను పైకి లాగే శక్తీ, వేగంగా లాగే గుణమూ రెండూ కలిసి ఉండేది దానికే. క్లేకి లాగే శక్తి ఉంది గాని మెల్లగా పీల్చుతాది.

మన నల్లరేగడి తెలిసిన వాళ్ళకు ఇది కొత్తగా ఉండదు. నంద్యాల, ఆదోని పొలాల్లో వానకు ఉబ్బి ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చే నేల మీద రోడ్డు వేసేటప్పుడు ముందు ఆ మట్టి తీసి గరుసు నింపుతాం గదా, ఆడ కారణం వేరే అయినా చేసే పని శానా వరకు అదే.

బేస్ ఎంత మందం వేయించాల?

ఇసుక నేల అయితే రోలింగ్ అయినాక 6 నుంచి 8 అంగుళాలు చాలు. క్లే, సిల్ట్ నేల అయితే 8 నుంచి 12 అంగుళాలు అడగండి, నేనైతే 12 దగ్గరే నిలబడతాను. చికాగోలో ఇంటి పునాదికి 42 అంగుళాల లోతు అడుగుతారు, మిన్నెసోటా ఉత్తరాన 60 అంగుళాలు, చలి అంత లోతుకు దిగుతాది కాబట్టి. మరి డ్రైవ్‌వే బేస్ కూడా అంత లోతు తవ్వాల్నా అని మా తమ్ముని కొడుకు అడిగినాడు. అక్కర్లేదు. కంకర బేస్ చేసే పని చలిని ఆపడం కాదు, నీళ్ళు పైకి ఎక్కే దారిని తెంచడం, పడిన నీళ్ళను పక్కకు పంపడం, బండి బరువును వెడల్పుగా పంచడం.

అందుకే కంకర క్రషర్‌ది అయ్యుండాల, అంచులున్న రాయి అయితే ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుంటాది, ఏటి గుండ్రాయి జారిపోతాది. దాంట్లో పొడి ఎక్కువ ఉండకూడదు, మట్టి పొడి ఎక్కువైతే ఆ కంకరే నీళ్ళు పీల్చి గడ్డ కడతాది, అప్పుడు 12 అంగుళాలు వేసినా ఉపయోగం లేదు. పాత కాంక్రీట్ పగలగొట్టి చేసిన కంకర కూడా వాడుకోవచ్చు, చెక్క ముక్కలూ మట్టీ కలవకుండా ఉంటే చాలు.

ఒకేసారి అంతా పోసి పైన రోలర్ తిప్పితే పైన నాలుగంగుళాలే గట్టిపడతాది, అడుగున వదులుగానే ఉంటాది. మూడు నాలుగంగుళాల చొప్పున లేయర్లు పోసి, ప్రతి లేయరుకూ కొంచెం నీళ్ళు చల్లి, రోలింగ్ చెయ్యాల. అయిపోయినాక లోడు లారీని మెల్లగా దాని మీద నడిపించమనండి, టైరు కింద నేల అలలాగా కదిలితే ఆ చోట తవ్వి మళ్ళీ నింపాల్సిందే. ఈ ఒక్క పరీక్ష ఇంటికాడ నిలబడి మీరే చూడండి, సెలవు పెట్టుకోనైనా సరే, తారు పోసినాక ఇంక చూసేదేం ఉండదు.

క్లే మీద నేరుగా కంకర పోస్తే నెమ్మదిగా రాయి మట్టిలోకి దిగి, మట్టి రాయిలోకి ఎక్కుతాది, మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిస్తే రెండూ కలవవు. దానికయ్యే ఖర్చు మొత్తం పనిలో కొద్దిగానే ఉంటాది, వద్దని చెప్పేవాణ్ణి నమ్మకండి.

తారు ఎంత మందం?

కార్లు మాత్రమే తిరిగే ఇంటికి రోలింగ్ తర్వాత 3 అంగుళాలు. కాంట్రాక్టర్ ఇచ్చే కోట్‌లో (రేటు రాసిచ్చే కాగితం) "రోలింగ్ తర్వాత" అనే మాట ఉందో లేదో చూడండి, పరిచినప్పుడు 4 అంగుళాలున్నది రోలర్ తిరిగినాక సుమారు 3కి దిగుతాది, పరిచినప్పటి 3 అంటే చేతికి వచ్చేది రెండున్నర కూడా రాదు. చలి ఎక్కువున్న చోట రెండు లేయర్లు మంచిది, కింద పెద్ద రాయి ఉన్న బైండర్ లేయరు రెండు రెండున్నర అంగుళాలు, పైన సన్నరాయి ఉన్న లేయరు ఒకటిన్నర అంగుళం, మధ్యలో టాక్ కోటు (అతుక్కోవడానికి పల్చగా చల్లే తారు) కొట్టాల, అది కొట్టకుంటే రెండు లేయర్లూ అతుక్కోవు, పైది పెచ్చులు పెచ్చులుగా లేస్తాది.

లెక్క కూడా వేసి పెట్టుకోండి. అడుగు చదరానికి అంగుళం మందానికి దాదాపు 12 పౌండ్ల తారు మిక్స్ (రాయి, తారు కలిపిన వేడి సరుకు) పడతాది. 20 అడుగుల వెడల్పు 40 అడుగుల పొడవు అంటే 800 చదరపు అడుగులు, 3 అంగుళాలకు 28,800 పౌండ్లు, అంటే అమెరికా లెక్కలో 14 టన్నుల పైనే. ప్లాంట్ నుంచి వచ్చే లారీకి బరువు చీటీ ఉంటాది, అది అడిగి తీసుకోండి. చీటీలో 9 టన్నులుంటే మందం ఎంతో మీకే తెలిసిపోతాది.

మన దగ్గర వీజీ-30 అంటారు, ఆడ పీజీ 58-28 అంటున్నారు, ఏమిటిది?

రెండూ తారు గ్రేడులే, కొలిచే పద్ధతి వేరు. మన ఐఎస్ 73 (తారుకు మన దేశ ప్రమాణం) ప్రకారం వీజీ అంటే 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర తారు ఎంత చిక్కగా ఉందనే లెక్క, ఎండలో రోడ్డు మెత్తబడకుండా చూసుకోవడమే మన మొదటి బాధ కాబట్టి. అమెరికా పీజీలో రెండు నంబర్లుంటాయి, మొదటిది ఎండాకాలంలో రోడ్డు ఎంత వేడెక్కేదాకా తట్టుకుంటాదో, రెండోది చలికాలంలో సున్నా కింద ఎంతవరకు పగలకుండా ఉంటాదో, రెండూ సెల్సియస్‌లోనే. 58-28 అంటే పైన 58, కింద మైనస్ 28. మిన్నెసోటా వైపు 58-28 మామూలు, ఇంకా ఉత్తరాన 58-34 కూడా వాడతారు. గాలి వేడి కాదు, రోడ్డు వేడి అని గుర్తుపెట్టుకోండి.

మే నెలలో కర్నూల్లో మధ్యాహ్నం తారు రోడ్డు 60 దాటుతాది, ఆడి తారు తెచ్చి ఈడ పోస్తే చక్రాల గాళ్ళు పడతాయి, ఈడి గట్టి తారు తీసుకుపోయి ఆడ పోస్తే మొదటి చలికే అడ్డంగా చీలుతాది. గ్రేడు గురించి కాంట్రాక్టర్‌తో పెద్దగా వాదించే పని లేదు, ఆ ఊరి ప్లాంట్‌లో ఆ ఊరి చలికి సరిపోయేదే చేస్తారు. ఏ గ్రేడో కాగితం మీద రాయించుకుంటే చాలు.

ఏ నెలలో వేయించాల? మా అమ్మానాన్న అక్టోబర్ దాకా ఉంటారు, వాళ్ళు వెళ్ళినాక వేయిద్దామనుకుంటున్నాం.

వాళ్ళుండగానే వేయించండి. మిక్స్ సుమారు 275 నుంచి 325 ఫారెన్‌హీట్ వేడితో వస్తాది, అది 175కి చల్లారేలోపల రోలింగ్ అయిపోవాల, తర్వాత ఎంత తొక్కినా గట్టిపడదు, లోపల గాలి సందులు మిగిలిపోతాయి, ఆ సందుల్లోకే నీళ్ళు పోయి చలికి పగలగొడతాయి. గాలి 50 ఫారెన్‌హీట్, అంటే 10 సెల్సియస్ పైన ఉండి ఇంకా పెరుగుతా ఉండాల, కింద బేస్ కూడా చల్లగా తడిగా ఉండకూడదు, గాలి గట్టిగా వీస్తే ఇంకా తొందరగా చల్లారుతాది. మే చివర నుంచి సెప్టెంబర్ దాకా నిశ్చింత. నవంబర్‌లో "ఈ ఏడు ఆఖరి లోడు, తక్కువకి ఇస్తాం" అంటారు, వద్దు. చలికాలంలో ఉత్తరాది ప్లాంట్లు చాలావరకు మూసేస్తారు, ఆ మూసేముందు తొందరలో చేసిన పని చూసినవాళ్ళు మళ్ళీ అడగరు.

ఆగలేని పరిస్థితి అయితే బేస్ వరకు ఈ ఏడు చేయించి, ఆ కంకర మీదే చలికాలం గడిపి, వచ్చే జూన్‌లో కుంగిన చోట సరిచేసి తారు పోయించుకోండి.

వాటం ఎంత పెట్టాల?

అడుగుకు కనీసం పావు అంగుళం, అంటే 2 శాతం. 40 అడుగుల పొడవుకు దాదాపు 10 అంగుళాల దిగుడు వస్తాది. వాటం ఇంటి నుంచి, గ్యారేజీ నుంచి బయటికి ఉండాల. వీధే ఇంటికంటే ఎత్తులో ఉంటే గ్యారేజీ ముందు అడ్డంగా జాలీ కాలవ పెట్టించక తప్పదు.

కప్పు మీది నీళ్ళు దిగే పైపు డ్రైవ్‌వే పక్కనే వదిలేసి ఉంటే దాన్ని ముందు దూరం జరపండి. మంచి బేస్ వేసి పైపు నీళ్ళు దాంట్లోకే వదిలిన ఇండ్లు ఉన్నాయి, ఆ పైపు దగ్గరే మొదట లేస్తాది.

అంచులు ఎందుకు విరుగుతాయి?

పక్కన ఆనుడు లేక. కంకర బేస్ తారు కంటే అర అడుగు నుంచి అడుగు దాకా వెడల్పు ఉండాల, తారు అంచును నిటారుగా వదిలేయకుండా వాలుగా దిమ్మిస కొట్టాల, తర్వాత పక్కన మట్టి నింపి గడ్డి పెంచుకోవాల. రెండు కార్లు దిగేచోట వెడల్పు చాలక టైరు అంచు మీద పడుతుంటే ఏం చేసినా విరుగుతాది, రెండడుగులు ఎక్కువ వేయించుకోవడమే మేలు. గ్యారేజీ కాంక్రీటుకూ తారుకూ మధ్య గీత రబ్బరు సీలుతో నింపించండి, ఆ గీతలోంచే గ్యారేజీ కిందికి నీళ్ళు పోతాయి.

కాంక్రీట్ వేయిస్తే పోదా?

మన కండ్లకు సీసీనే గట్టిదిగా కనపడతాది, వాస్తవమే, బాగా వేస్తే ఎక్కువ ఏండ్లు ఉంటాది. కానీ ఖర్చు ఎక్కువ, మంచు కరిగించే ఉప్పుకు పైపొర పెచ్చులూడుతాది, సన్నటి గాలి బుడగలు పెట్టిన కాంక్రీటే వాడాల, పగిలితే అతుకు కనపడతాది. తారు కొంచెం వంగుతాది, నల్లగా ఉంటాది కాబట్టి ఎండ తగిలితే మంచు తొందరగా కరుగుతాది, పాడైన చోట కోసి నింపుకోవచ్చు. చూసుకుంటా ఉంటే 15, 20 ఏండ్లకు ఢోకా లేదు. చలి దేశంలో నా ఓటు తారుకే.

తలుపు కొట్టి "పక్క వీధిలో పని చేస్తున్నాం, తారు మిగిలింది, సగం రేటుకి పోస్తాం" అంటున్నారు. పోయించుకోవచ్చా?

వద్దు. ఇది ఆ దేశాల్లో పాత మోసం. పాత దాని మీద అంగుళం కూడా లేకుండా పరిచి, డబ్బు తీసుకుని పోతారు, మళ్ళీ కనపడరు. మిగిలిన మిక్స్ చల్లారిపోయే సరుకు, దాంతో మంచి పని చెయ్యాలన్నా కాదు.

సరైన కోట్‌లో తవ్వే లోతు, బేస్ రకం, రోలింగ్ తర్వాత బేస్ మందం, తారు లేయర్లూ వాటి మందం, గ్రేడు, వాటం, పాత మట్టి ఎవరు ఎత్తుకుపోతారు, పర్మిట్ ఎవరు తీస్తారు, ఇవన్నీ రాసి ఉండాల. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుని ఆఖరి అంకె చూసి పోల్చొద్దు, బేస్ గురించి రాసిన వరుస పోల్చండి, రేటు తేడా వచ్చేది శానా వరకు అక్కడే.

పోసినాక కారు ఎప్పుడు ఎక్కించాల?

మూడు రోజులు ఆగండి, ఎండ ఎక్కువుంటే ఇంకా రెండు రోజులు. మొదటి ఎండాకాలం అంతా మెత్తగానే ఉంటాది, నిలబడిన చోటే స్టీరింగ్ తిప్పొద్దు, జాకీ, సైకిల్ స్టాండు, మడత కుర్చీ కాళ్ళ కింద పలక పెట్టండి.

ముగ్గు వెయ్యొచ్చా? దీపావళికి బాణసంచా కాల్చొచ్చా?

ముగ్గుకు ఏం కాదు, సుద్ద పొడి కడిగితే పోతాది. చిచ్చుబుడ్డి, భూచక్రం కింద రేకు గాని పాత బండ గాని పెట్టండి, వాటి వేడికి తారు కరిగి మచ్చ పడతాది. పెట్రోలు, డీజిలు, కిరసనాయిల్ పడితే మాత్రం వెంటనే పీల్చేసి సబ్బు నీళ్ళతో కడగాల, అవి తారును కరిగిస్తాయి.

ఉప్పు చల్లితే తారు పాడయితాదా?

కాంక్రీటుకు చేసినంత హాని తారుకు చెయ్యదు. కానీ ఉప్పు వల్ల కరిగిన నీళ్ళు పగుళ్ళలోకి దిగి రాత్రి మళ్ళీ గడ్డ కడతాయి, పగులు ఉన్న డ్రైవ్‌వేకి అదే దెబ్బ. మామూలు రాతి ఉప్పు 15 ఫారెన్‌హీట్ కంటే దిగితే సరిగ్గా పనిచెయ్యదు, అంతకంటే చలి ఉన్నప్పుడు కాల్షియం క్లోరైడ్ వాడతారు, ల్యాకుంటే జారకుండా ఇసుక చల్లుకోండి. పారకు ప్లాస్టిక్ అంచు ఉన్నది కొనండి, మంచు తోసే బండి వాళ్ళకు బ్లేడు అర అంగుళం పైకి పెట్టమని చెప్పండి, మంచు పడకముందే రెండు పక్కలా గుర్తు కట్టెలు పాతితే అంచులు చెక్కుకుపోవు.

సీల్ కోటింగ్ (తారు మీద పూసే రక్షణ పూత) ప్రతి ఏడూ వేయించాల్నా?

అక్కర్లేదు. కొత్తదానికి మొదటి ఆరు నెలల నుంచి ఏడాది అసలు వెయ్యకూడదు, తర్వాత మూడు నుంచి ఐదేండ్లకు ఒకసారి చాలు, ఊరికే పొరల మీద పొరలు వేస్తే ఆ పొరలే పగుల్తాయి. ఏ సీలరో అడగండి. కోల్ తార్ (బొగ్గు నుంచి తీసిన తారు) సీలర్‌లో క్యాన్సర్ తెప్పించే రసాయనాలు ఎక్కువ, ఆస్టిన్ నగరం 2006లోనే ఆపేసింది, మిన్నెసోటా రాష్ట్రం మొత్తం 2014 నుంచి నిషేధం. చిన్నపిల్లలు ఆ డ్రైవ్‌వే మీదే ఆడతారు, ఆస్ఫాల్ట్ ఎమల్షన్ సీలరే వేయించండి.

సీలర్ కంటే ముఖ్యం పగుళ్ళు నింపడం. పావు అంగుళం దాటిన ప్రతి పగులూ చలి రాకముందు, సెప్టెంబర్‌లో, గడ్డీ మట్టీ తీసి ఆరబెట్టి రబ్బరు కలిపిన వేడి ఫిల్లర్‌తో నింపించాల. డబ్బు ఒక్కదానికే ఉంటే దీనికే పెట్టండి.

పాత దాని మీదే ఇంకో లేయరు పోస్తే సరిపోదా?

పాతది పైన మాత్రమే అరిగి, కింద గట్టిగా ఉంటే సరిపోతాది, ఒకటిన్నర రెండంగుళాలు టాక్ కోటు మీద. మొసలి చర్మం మాదిరి చిన్న చిన్న ముక్కలుగా పగిలి ఉంటే బేస్ పోయిందని అర్థం, ఆ భాగం మొత్తం తవ్వాల్సిందే. ఏటా ఒకే చోట లేస్తుంటే కూడా అంతే. గ్యారేజీ గడప ఎత్తు కూడా చూసుకోండి, పైన రెండంగుళాలు పెరిగితే వాటం తిరగబడి నీళ్ళు లోపలికి రావొచ్చు.

సరే అన్నా, కర్నూల్లో మా ఇంటి ఆవరణలో తారు వేయించుకుందామా?

నేనైతే వద్దంటాను. ఇంటి ఆవరణకు కావాల్సిన కొద్ది మిక్స్ కోసం హాట్ మిక్స్ ప్లాంట్ వాళ్ళు రావడం కష్టం, వచ్చినా చల్లారిపోతాది, రోలర్ తిరగడానికి జాగా ఉండదు, మే నెలలో ఆ వేడి ఇంట్లోకే కొడతాది. మనకు బేతంచెర్ల బండలు దగ్గర్లోనే దొరుకుతాయి, సీసీ ఉంది, పేవర్ బ్లాకులు ఉన్నాయి. ఏది వేసినా నల్లరేగడి అయితే కనీసం రెండడుగులు తీసేసి గరుసు నింపి, నీళ్ళు కొట్టి, లేయరు లేయరుగా రోలింగ్ చేయించి, వాన నీళ్ళు వీధి కాలవకు పోయేట్టు వాటం పెట్టుకోండి. బోరు పక్కన తొట్టి పొంగి నీళ్ళు ఆ బండల కిందికే పోతుంటే ముందు ఆ తొట్టి సంగతి చూడండి.